నాకు టైముంది

అయినా అదేమంత పెద్ద మాట కాదు. చిన్నపిల్లలు కూడా తడుముకోకుండా అనేయగలరు. డ్యూటీ అయి ఇంటికొచ్చే దారిలో, వాగు పక్కన రోడ్డు మెలికలు తిరుగుతుంటే, కారు అద్దాలు బిగించుకుని పైకే అనుకునేదాన్ని. "ఇంకేమైనా కావాలా? నాకు టైముంది." ఒకసారి నవ్వుతూ, ఒకసారి కాస్త తల వంచి. నా గొంతు నాకే పరాయిదానిలా వినిపించేది. మీ నాన్న ఇక బతకడని కొడుకుల మొహం మీద చెప్పిన నోరే ఇది. రక్తం చూసి కళ్ళు తిరిగిన కొత్త నర్సులను కసిరిన నోరే. ఈ చిన్న ముక్క దగ్గరికి వచ్చేసరికి నాలుక పిడచకట్టుకుపోయేది.

అబద్ధం కాబట్టి అలా అవుతోందని ముందు అనుకున్నాను. కానీ నర్సులు అబద్ధానికి వెరవరు. "చురుక్కుమంటుందంతే" అని సూది గుచ్చుతూ ఎంతమందితో అనలేదు? మరి దీని దగ్గరే ఎందుకు ఆగిపోతున్నాను? ఆ ఆలోచన ఎటెటో తిరిగి, ఇంటి ముందు కారు ఆపేసరికి ఎక్కడ మొదలైందో అక్కడికే వచ్చి నిలబడేది.

ఆ ఏడాది ఆకులు రాలే రోజుల్లో మా కౌంటీ ఆసుపత్రిని ఒక పెద్ద కంపెనీ కొనుక్కుంది. ముందు గుమ్మం మీద పేరు మారింది. తరవాత కాఫీ మారింది. చేతి తొడుగులు పలచబడ్డాయి. ఆ తరవాత మనుషులు తగ్గారు. ఎవరినీ తీసెయ్యలేదు, వెళ్ళిపోయిన వాళ్ళ చోట కొత్తవాళ్ళను పెట్టలేదు, అంతే. ఐదుగురు రోగులను చూసుకునేదాన్ని ఏడుగురిని చూసుకోవడం మొదలుపెట్టాను. సరిగ్గా అప్పుడే హెడ్డాఫీసు నుంచి ఒకాయన వచ్చి మాకు ఈ మాట నేర్పాడు.

ఆయన బూట్లు అద్దంలా ఉన్నాయి. భోజనాల గదిలో మంచం వేయించి, మాలో ఒక అమ్మాయిని రోగిలా పడుకోబెట్టి, ఎలా మసలుకోవాలో చేసి చూపించాడు. "గదిలోంచి బయటికి వచ్చేముందు ప్రతిసారీ అనాలి. ఇంకేమైనా కావాలా, నాకు టైముంది. వీలైతే కూర్చుని అనండి. నిలబడిన నర్సు కంటే కూర్చున్న నర్సు ఎక్కువసేపు ఉన్నట్టు రోగికి అనిపిస్తుంది."

వెనక వరసలోంచి ఎవరో అడిగారు. "టైము లేకపోతే ఏం చెయ్యమంటారు?"

ఆయన ఓపిగ్గా నవ్వాడు. "ఉందా లేదా అన్నది కాదమ్మా. ఉందని వాళ్ళకు అనిపించిందా లేదా అన్నదే."

ఆయన చెడ్డవాడేమీ కాదు. మంచం మీది అమ్మాయికి చలేస్తోందేమోనని దుప్పటి కూడా సర్దాడు. కానీ ఆ మాట మేకు దిగినట్టు నాలో దిగి అక్కడే ఉండిపోయింది.

*

మా ఆయన డ్వైట్ ఎప్పుడూ కిటికీ పక్కన వాలుకుర్చీలోనే ఉండేవాడు. నిద్ర కూడా అందులోనే. నడుం వాల్చితే ఊపిరి అందదు. అతను బొగ్గు గనిలోంచి బయటికి వచ్చి చాలా కాలమైంది గానీ, గని అతనిలోంచి బయటికి రాలేదు. ముక్కుకు గొట్టం, మూలన గుర్రుగుర్రుమనే ఆక్సిజన్ మిషను, ఎదురుగా టీవీలో యూనివర్సిటీ కుర్రాళ్ళ బాస్కెట్‌బాల్. మా కొండల్లో చలికాలమంటే ఆ ఆటే. ఆట మొదలైతే చలి వచ్చినట్టు, ఆఖరి ఆట అయితే పోయినట్టు.

అతని కుర్చీ పక్కనే నా కుర్చీ. ఆ చలికాలం పొడుగునా దాని మీద ఉతికిన బట్టల కుప్ప ఉండేది. మడతపెట్టడానికి కుదిరేది కాదు. పొద్దున్నే పైనుంచి ఒక యూనిఫాం లాక్కుని వేసుకుని వెళ్ళిపోయేదాన్ని. కుప్ప తరిగేది, మళ్ళీ పెరిగేది. కుర్చీ మాత్రం బయటపడేది కాదు.

ఒక సాయంత్రం బీన్స్ ఉడుకుతుంటే పొయ్యి దగ్గర నిలబడి ఆ మాట గొణుక్కుంటున్నాను.

"ఎవరితోనే మాట్లాడుతున్నావు?" అన్నాడు డ్వైట్, ముందుగదిలోంచి.

"ఎవరితోనూ కాదు. పాఠం అప్పజెప్పుకుంటున్నాను."

"ఏదీ, నాకు అప్పజెప్పు."

గరిటె చేత్తో పట్టుకునే గుమ్మంలోకి వచ్చి, హెడ్డాఫీసాయన నేర్పినట్టే తల కాస్త పక్కకు వంచి అన్నాను. "ఇంకేమైనా కావాలా? నాకు టైముంది."

డ్వైట్ కుర్చీ చేతి మీద వేలి కణుపుతో రెండుసార్లు తట్టి, చెవి ఒగ్గి విన్నాడు.

"బోలు," అన్నాడు.

గనిలో అతని పని, రాళ్ళు ఊడిపడకుండా పైకప్పుకు మేకులు బిగించడం. బిగించబోయే ముందు పొడుగాటి ఇనపకడ్డీతో కప్పును తట్టి వినాలట. రాయి గట్టిదైతే ఖంగుమంటుంది. లోపల పొర వదిలేసి ఉంటే డప్పులా మోగుతుంది. డప్పు మోగిన చోట మనిషి నిలబడకూడదు. గని మానేసినా ఆ అలవాటు పోలేదు. పాత కార్లమ్మేవాడు కబుర్లు చెబుతుంటే బానెట్ మీద తట్టేవాడు. చర్చిలో పాస్టరు గొంతు పెంచితే బెంచీ అంచున మెల్లగా తట్టేవాడు, నేను తొడ మీద గిల్లేదాన్ని.

"నీ కప్పు సంగతి చూసుకో ముందు," అన్నాను.

అతను నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు చాలాసేపు అతన్ని పట్టుకుని ఊపి వదిలింది. నేను నీళ్ళిచ్చాను. గ్లాసు తిరిగిస్తూ నా మణికట్టు పట్టుకున్నాడు.

"నోరీన్, నీతో ఒక మాట చెప్పాలి."

ఆ మాటేమిటో నాకు తెలుసు. ఊపిరితిత్తుల డాక్టరు సిద్దీఖీ గారు ఆకులు పండక ముందే చెప్పారు. ఈసారి న్యుమోనియా వస్తే వెంటిలేటర్ మీద పెట్టాల్సి రావచ్చు, పెడితే మళ్ళీ తియ్యగలమన్న భరోసా ఇవ్వలేను, మీరిద్దరూ ముందుగానే ఒక మాట అనుకుని ఉండండి, అని. తిరిగి వస్తున్నప్పుడు కారులో డ్వైట్ దారి పొడుగునా కొండల వైపే చూశాడు. అతనికి వెంటిలేటర్ వద్దు. అతను చెప్పకుండానే తెలిసిపోయింది. కానీ నాకు తెలియడం వేరు, అతను చెప్పడం వేరు. చెప్పాక నేను సరే అనాలి. చెప్పకపోతే ఆ ఘడియ వచ్చినప్పుడు గొంతులో గొట్టం వెయ్యమంటారా అని అడిగేది నన్ను. వెయ్యమంటాను. నా సంగతి నాకు తెలుసు.

"బీన్స్ అడుగంటుతున్నాయి," అన్నాను. "తరవాత."

"సరే, తరవాత," అన్నాడు.

*

మా ఫ్లోరు మేనేజరు కెండ్రా ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్న పిల్ల. హైస్కూలు అయీ అవగానే దుప్పట్లు మార్చే పనికి వచ్చింది. మా వైపు చిన్నవాళ్ళు పెద్ద ఆడవాళ్ళను పేరుకు ముందు మిస్ చేర్చి పిలుస్తారు. అది పిల్లలకు తల్లులు నేర్పే మొదటి మర్యాద. "మిస్ నోరీన్, మీరు చూడండి, నాకు నాడి దొరకడం లేదు," అంటూ వెంట తిరిగేది. తరవాత కాలేజీకి వెళ్ళి నర్సు అయింది. కంపెనీ వచ్చాక మేనేజరు అయింది. అయిన రోజునే మిస్ పోయింది, మీరు పోయింది. అలా పిలవకూడదని పైవాళ్ళు ఎవరో చెప్పి ఉంటారు. మొదటిసారి "నోరీన్, నువ్వు" అన్నప్పుడు దాని చెవులు ఎర్రబడ్డాయి.

డిసెంబరులో మందుల గదిలో నన్ను పట్టుకుంది.

"నోరీన్, నిన్నటి కాల్స్ చూశావా? మన ఫ్లోరు కింది నుంచి రెండోది."

ఇంటికి వెళ్ళిన రోగులకు కంపెనీ మనుషులు ఫోన్ చేసి అడుగుతారు. మీ నర్సు తనకు టైముందని చెప్పిందా? ఎప్పుడూ, తరచుగా, అప్పుడప్పుడు, అసలు లేదు. 'ఎప్పుడూ' అన్నదొక్కటే లెక్క. తరచుగా అన్నా అసలు లేదన్నా ఒకటే.

"నేను అంటూనే ఉన్నానుగా," అన్నాను.

"అంటున్నావట. తలుపు పట్టుకుని, సగం ఒళ్ళు బయటపెట్టి అంటున్నావట."

"ఎవరలా చెప్పింది?"

"పన్నెండో గది ఓపల్ గారు. గదులు చూడ్డానికి వెళ్ళినప్పుడు నేనే అడిగాను. నువ్వు ఆ మాట అంటుంటే బస్సు ఎక్కబోతూ ఎవరితోనో మాట్లాడుతున్నట్టు ఉందన్నారు."

నాకు నవ్వొచ్చింది. కెండ్రాకు కూడా వచ్చేదే గానీ ఆపుకుంది. కళ్ళ కింద నల్లగా ఉంది. దాని ఇంట్లో ఇద్దరు పసిపిల్లలు. వాళ్ళను రోజూ వాళ్ళ అమ్మమ్మే స్కూలుకు దింపుతుంది.

"ఒక్క మాటే కదా. దానికింత అవస్థ ఎందుకు?" అంది. "అనేస్తే అయిపోతుంది. మనం అనకపోతే వాళ్ళు ఇంకో మనిషిని తగ్గిస్తారు. నాకు తెలిసి చెబుతున్నాను."

అదే కదా నేనూ అనుకునేది. ఒక్క మాటే.

ఓపల్ స్టిడమ్ గారి వయసు ఎనభై దాటింది. తుంటి విరిగి వచ్చింది. నోరు మాత్రం ఎక్కడా విరగలేదు. మధ్యాహ్నం ఆమె గదిలో మందులిచ్చి, తలుపు దాకా వెళ్ళినదాన్ని వెనక్కి వచ్చి, మంచం పక్కన నిలబడి ఆ మాట అన్నాను.

"ఉందా? నిజంగా?" అంది ఆమె. "అయితే కూర్చో పిల్లా. మా అల్లుడి సంగతి చెబుతాను. వాడొట్టి వెధవ. మొదట్నించీ చెబితే గాని నీకు అర్థం కాదు."

వరండాలో మూడు గదుల తలుపుల మీద నర్సును పిలిచే లైట్లు వెలుగుతున్నాయి. ఎవరో కిందపడ్డట్టు ఏదో చప్పుడైంది.

"మళ్ళీ వచ్చి వింటాను, ఓపల్ గారూ."

"మరి టైముందని ఎందుకన్నావే?"

"అనమన్నారండీ."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. కోపంగా కాదు, పిచ్చుక రెక్క విరిగిందేమో చూసినట్టు. "అలాగా తల్లీ. అయితే అనేసి పో. ఆ పిల్ల వచ్చి అడిగితే నువ్వు ఎప్పుడూ అంటావనే చెబుతానులే."

*

జనవరికి నాకు ఆ మాట వచ్చేసింది. ఎలా వచ్చిందో చెప్పడం కష్టం. ఏ మాటనైనా పదేపదే అంటూ పోతే అందులోని అర్థం కారిపోయి పైతోలు మిగులుతుంది. ఇక అది గొంతుకు అడ్డుపడదు. లోపల నేనెక్కడో ఒక మూల కూర్చుని ఉంటాను, నోరు దానంతట అది తెరుచుకుంటుంది. తల కాస్త పక్కకు వంగుతుంది. మా ఫ్లోరు కింది నుంచి పైకి పాకింది. కెండ్రా నా బల్ల మీద ఒక డోనట్ పెట్టి వెళ్ళింది.

ఆ తరవాత అది ఆసుపత్రి దాటి నాతో పాటు బయటికి వచ్చేసింది. కిరాణా కొట్లో చిల్లర ఇస్తున్న పిల్లతో అన్నాను. ఆ పిల్ల బెదిరిపోయి, "మీకుందేమోగానీ మీ వెనక లైనుంది ఆంటీ" అంది. చర్చి మెట్ల మీద పాస్టరు భార్యతో అన్నాను. ఆవిడ నిజమనుకుని ఆదివారం పిల్లల క్లాసు నాకు అంటగట్టబోయింది.

ఉద్యోగం మానెయ్యకపోయావా అని తరవాత చాలామంది అడిగారు. డ్వైట్ డాక్టరు, మందులు, ఆ గుర్రుమనే మిషను, అన్నీ నా ఉద్యోగంతో వచ్చిన బీమా మీద నడిచేవి. అతను పనిచేసిన గని ఎప్పుడో దివాలా తీసింది. చుట్టుపక్కల ఇంకో ఆసుపత్రి ఉంది గానీ అదీ ఆ కంపెనీదే. కానీ నిజం అదొక్కటే కాదు. అలసట కూడా ఒక ఇల్లే. అందులో తలుపు వేసుకుని కూర్చుంటే ఎవరూ ఏమీ అడగరు. ఇంటికి వచ్చి బూట్లు విప్పుతుంటే డ్వైట్ నా వైపు చూసేవాడు, నోరు తెరవబోయి, నా మొహం చూసి, టీవీ గొంతు పెంచేవాడు. నాకు టైము లేకపోవడం మా ఇద్దరికీ ఒక విధంగా కలిసొచ్చింది. నాకు ఎక్కువగా.

*

ఫిబ్రవరిలో మంచు పడిన వారం అతనికి జ్వరం వచ్చింది. గోళ్ళు నీలంగా ఉండటం చూసి అంబులెన్సును పిలిచాను. న్యుమోనియా. వెంటిలేటర్ దాకా రాలేదు, ముక్కు మీద పెద్ద మాస్కుతో సరిపెట్టారు. మా ఫ్లోరులోనే గది ఇచ్చారు. సొంత మనిషికి నర్సుగా ఉండకూడదని రూలుంది. కానీ మంచుకు రోడ్లు మూసుకుపోయి సగం మంది డ్యూటీకి రాలేకపోయారు. మూడో రోజు పొద్దున కెండ్రా బోర్డు ముందు నిలబడి, అటూ ఇటూ చూసి, డ్వైట్ గది నా పేరు కిందే రాసింది.

"ఇవాళ ఒక్కరోజే," అంది. ఎవరూ లేకుండా చూసి, "మిస్ నోరీన్," అని చేర్చింది.

వరండాలో డాక్టరు సిద్దీఖీ గారు ఎదురయ్యారు. "ఈసారికి గట్టెక్కాడు. మీరిద్దరూ ఆ విషయం మాట్లాడుకున్నారా?" అన్నారు.

"మాట్లాడుకుంటామండీ."

"మాట్లాడుకోండి," అన్నారాయన మెత్తగా. "మళ్ళీ వస్తే ఇంత వ్యవధి ఉండకపోవచ్చు."

ఆ పూట నాకు తొమ్మిది మంది. డ్వైట్ గదిలోకి వెళ్ళినప్పుడు అతను అతనిలా కనిపించలేదు. ఆసుపత్రి గౌనులో, పక్క మీద, అందరిలాంటి ఒక మనిషి. రక్తపోటు చూశాను. సెలైను చూశాను. దిండు సర్దాను. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. తలుపు వైపు తిరగబోతూ తల పక్కకు వంచాను.

"ఇంకేమైనా కావాలా? నాకు టైముంది."

అన్న తరవాత విన్నాను, ఏమన్నానో.

డ్వైట్ మాస్కు కాస్త పైకెత్తాడు. అతను నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "ఉందా?" అన్నాడు. గొంతులో వేళాకోళం లేదు. నిజంగానే అడిగాడు. చాలా రోజులుగా షాపు ముందు నిలబడ్డ మనిషి, తలుపు తెరిచారా అని అడిగినట్టు. "అయితే ఆ తలుపు వేసి వచ్చి కూర్చో, నోరీన్."

మంచం పక్కన కుర్చీ ఖాళీగానే ఉంది. దాని మీద బట్టలు లేవు.

వరండాలో ఎవరిదో గది మీద లైటు వెలిగింది. నేను అటు చూశాను. అతను నా చూపు వెంట చూశాడు. మంచం పక్క ఇనప కడ్డీ మీద వేలి కణుపుతో మెల్లగా రెండుసార్లు తట్టి, మాస్కు కిందికి దించుకుని, కళ్ళు మూసుకున్నాడు.

నేను లైటు వెలుగుతున్న గదికి వెళ్ళాను. అక్కడ ఒకాయనకు టీవీ రిమోటు దొరకడం లేదు.

*

మార్చి వచ్చింది. కొండవాలున ఆకుల కంటే ముందు పూసే చెట్లు గులాబి రంగు పట్టాయి. డ్వైట్ ఇల్లు చేరాడు గానీ పూర్తిగా చేరలేదు. సగం మాటల్లో ఆగి ఊపిరి పోగుచేసుకునేవాడు. ఒక మాట చెప్పాలి అనడం మానేశాడు. అది మానెయ్యడమే నాకు ఎక్కువ వినిపించేది.

ఆ శనివారం నాకు సెలవు. మధ్యాహ్నం ఆట ఉంది. ఓడితే ఆ ఏడాదికి ఇక ఆట లేదు. నేను వంటింట్లో మొక్కజొన్న రొట్టెకు పిండి కలుపుతూ, పెనం వేడెక్కడానికి పెట్టాను. ఫోన్ మోగింది. గనిలో యంత్రాల రొదకు డ్వైట్ చెవులు మందగించాయి, ఎప్పుడూ స్పీకర్ పెట్టుకునే మాట్లాడతాడు. టీవీ గొంతు తగ్గించాడు.

"డ్వైట్ కాడిల్ గారేనా అండీ?" ఎవరో చిన్నపిల్ల. చూసి చదువుతున్న గొంతు. "మీరు ఈమధ్య మా ఆసుపత్రిలో ఉన్నారు కదా. కొన్ని ప్రశ్నలు అడగొచ్చా?"

"అడుగు తల్లీ. ఆట ఎలాగూ పోయేలా ఉంది."

"నేను నాలుగు జవాబులు చెబుతాను సార్, ఒకటి ఎంచుకోండి. ఎప్పుడూ, తరచుగా, అప్పుడప్పుడు, అసలు లేదు. మీ గది శుభ్రంగా ఉందా?"

"తరచుగా."

"నొప్పికి మందు వేళకు ఇచ్చారా?"

"తరచుగా."

నేను పిండి కలపడం ఆపాను.

"మీ నర్సు గదిలోంచి వెళ్ళేముందు, తనకు టైముందని మీకు చెప్పారా?"

మిషను గుర్రుగుర్రుమంటోంది. డ్వైట్ ఊపిరి తీసుకున్నాడు.

"ఎప్పుడూ," అన్నాడు.

"థాంక్యూ సార్. మీ నర్సు మీ పక్కన కూర్చుని మాట్లాడారా?"

ఈసారి ఆలస్యమైంది. ఫోన్లో ఆ పిల్ల వెనక చాలా గొంతులు, అందరూ అవే మాటలు చదువుతున్నారు.

"ఆమె చాలా మంచి నర్సమ్మా," అన్నాడు డ్వైట్. "ఎవరినైనా అడుగు. ఈ కౌంటీలో అటువంటి నర్సు లేదు."

"అలాగే సార్. కానీ నాలుగింటిలో ఒకటి చెప్పాలి."

వంటింటి గుమ్మంలోంచి అతని తల వెనకభాగం కనిపిస్తోంది. జుట్టు పలచబడి, చెవుల మీద గొట్టం తీగ ఒరుసుకుని ఎర్రగా కందిపోయి. ఎన్నాళ్ళయింది అలా కంది? రోజూ చూస్తున్నదే కదా.

"ఎప్పుడూ," అన్నాడు.

"థాంక్యూ సార్. ప్రశ్నలు అయిపోయాయి." ఆ పిల్ల పాఠంలోని చివరి వాక్యం చదివింది. "మీకు ఇంకేమైనా సాయం చెయ్యగలనా?"

"నీకు టైముందా?" అన్నాడు డ్వైట్.

అవతల కాగితం తిప్పిన చప్పుడు. తరవాత చిన్న నవ్వు. ఆ నవ్వు ఎక్కడా రాసి ఉన్నది కాదు. "లేదు సార్," అంది గొంతు తగ్గించి. "ఇంకా బోలెడు కాల్స్ ఉన్నాయి. టీ కూడా తాగలేదు."

డ్వైట్ కుర్చీ చేతి మీద రెండుసార్లు తట్టాడు.

"నిజం చెప్పావు," అన్నాడు. "ఖంగుమంది. వెళ్ళి టీ తాగు తల్లీ."

ఫోన్ పెట్టేశాడు. టీవీ గొంతు మాత్రం పెంచలేదు. తెర మీద కుర్రాళ్ళు చప్పుడు లేకుండా అటూ ఇటూ పరుగెడుతున్నారు. మావాళ్ళు వెనకబడే ఉన్నారు.

పెనం పొగలు కక్కుతోంది. పొయ్యి కట్టేశాను. చేతుల పిండి కడుక్కుని ముందుగదిలోకి వెళ్ళి అతని పక్కన నిలబడ్డాను. తల పక్కకు వంగబోయింది. నిలబెట్టాను. నోటి చివరిదాకా ఆ మాట వచ్చింది, అలవాటు కొద్దీ. మింగేశాను. మింగేటప్పుడు తెలిసింది, మొదట్లో అది గొంతుకు ఎందుకు అడ్డుపడేదో. టైము లేదని కాదు. ఉందంటే కూర్చోవాలి. కూర్చుంటే వినాలి.

డ్వైట్ తల తిప్పి నా వైపు చూశాడు. అతని చెయ్యి కుర్చీ చేతి మీదే ఉంది, వేళ్ళు కదలకుండా.

నేను నా కుర్చీ దగ్గరికి వెళ్ళాను. బట్టల కుప్ప కింద రెండు చేతులూ పెట్టి, మడతపెట్టనివన్నీ అలాగే ఎత్తి నేల మీద పెట్టాను. కుర్చీని అతని వైపు తిప్పుకుని కూర్చున్నాను.